పాత ఫ్యామిలీ బోటు, అరిగిన ఎగ్జాస్ట్: మెకానిక్ అంచనా వెనక ఉన్న లెక్క

కోవిడ్ ఏడాది 2020లో అమెరికాలో మోటారు బోట్ల అమ్మకాలు ఒక్కసారిగా ఎగిశాయి. సినిమాహాళ్లు మూతపడి, విమాన ప్రయాణాలు ఆగిపోయిన ఆ వేసవిలో పిల్లాపాపలతో కాలక్షేపానికి చాలామందికి సరస్సే దిక్కయింది. అప్పుడు కొన్న బోట్లు ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ మార్కెట్లోకి వస్తున్నాయి. వాటి పక్కనే పదిహేను, ఇరవై ఏళ్ల పాతవీ ఎప్పటిలా అమ్మకానికి ఉన్నాయి. డాలస్, అట్లాంటా, షార్లెట్, టాంపా చుట్టుపక్కల వీటిని కొనేవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు.

కొనే ముందు సర్వేయర్‌ను, అంటే బోటును తనిఖీ చేసే నిపుణుణ్ని పిలిపిస్తే, అతను ఇచ్చే నివేదికలో తరచూ ఒక వాక్యం ఉంటుంది: ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌లు, రైజర్ల (ఇంజన్ పొగను బయటికి పంపే ఇనుప భాగాల) వయసు తెలియదు, మార్చడం మంచిది. మెకానిక్‌ను అడిగితే వేల డాలర్లలో అంచనా చెబుతాడు. అమ్మేవాడేమో "ఇంజన్ గడియారంలా నడుస్తోంది కదండీ, దేనికి మార్చడం?" అంటాడు. కొనేవాడికి వీళ్లలో ఎవరో ఒకరు మోసం చేస్తున్నారనిపిస్తుంది. నిజానికి ముగ్గురూ నిజమే చెబుతూ ఉండవచ్చు. అదెలాగో తెలియాలంటే బోటు ఇంజన్ పొగను ఎలా బయటికి పంపుతుందో ముందు చూడాలి.

ఒక హద్దు గీసుకుందాం. ఇక్కడ మాట్లాడుతున్నది ఇంజన్ పడవ లోపలే, వెనక సీటు కింద ఉండే పెట్రోలు బోట్ల గురించి. వీటిలో ఎక్కువ భాగం స్టెర్న్‌డ్రైవ్‌లు: ఇంజన్ లోపల, ప్రొపెల్లర్ ఉండే కాలు బయట. వెనక గోడకు పూర్తిగా బయట వేలాడే ఔట్‌బోర్డ్ మోటార్లలో పొగ దారి మోటారు కాలిలోనే ఇమిడి ఉంటుంది. వాటికి ఈ విడి భాగాలు లేవు, ఈ తలనొప్పీ లేదు.

పొగ గొట్టంలోకి నీళ్లు ఎందుకు పోస్తారు

సిలిండర్ నుంచి బయటికొచ్చే పెట్రోలు పొగ ఏడెనిమిది వందల డిగ్రీల సెల్సియస్ దాకా వేడిగా ఉంటుంది. కారులో ఆ గొట్టం కారు కిందుగా పోతుంది, ఎదురుగాలి దాన్ని చల్లారుస్తుంది. బోటులో ఇంజన్ ఉండేది మూత వేసిన ఫైబర్‌గ్లాస్ పెట్టెలో. గాలి ఆడదు. పైగా పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు కాబట్టి అడుగున పేరుకుంటుంది. అందుకే అక్కడ స్టార్టర్, ఆల్టర్నేటర్ లాంటివి నిప్పురవ్వ బయటికి రాని రకంవే ఉండాలని అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన. స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ తిప్పమని హెచ్చరిక చీటీ కూడా ఉంటుంది. అలాంటి చోట ఎర్రగా కాలే ఇనప గొట్టం పెట్టలేరు.

కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో మరపడవలు చూసినవాళ్లకు వేరే పద్ధతి గుర్తుండే ఉంటుంది. డీజిల్ ఇంజన్ పొగ నిలువు గొట్టంలో నేరుగా పైకి పోతుంది. అది పొడి పద్ధతి. ఫ్యామిలీ బోటులో పైన గొట్టం లేచే చోటు లేదు, పొగను జనం ముఖాల మీదికి వదలలేరు. అందుకని రెండు పనులు చేస్తారు. గొట్టానికి జంట గోడలు పోసి, వాటి నడుమ చల్లని నీరు తిప్పుతారు. ఆ తర్వాత ఆ నీటినే పొగలో కలిపేసి, రెంటినీ కలిపి వెనక నుంచి బయటికి తోసేస్తారు. నీరు కలిసిన క్షణంలో పొగ వేడి ఎంత పడిపోతుందంటే, అక్కడి నుంచి రబ్బరు గొట్టం సరిపోతుంది.

కాబట్టి బోటు ఎగ్జాస్ట్‌ను పొగ గొట్టం అనుకుంటే సగమే అర్థమైనట్టు. అది నీటి పైపు కూడా. దాన్ని తినేది పొగ కన్నా ఎక్కువగా నీరే. అది మార్చాలా వద్దా అన్న వాదనలన్నీ చివరికి, ఆ ఇనుము ఏ నీటిలో ఎన్నాళ్లు గడిపింది అన్న ప్రశ్న దగ్గరికే వస్తాయి.

ఇంజన్ నుంచి వెనక దాకా భాగాలు

అమెరికా బోట్లలో బాగా కనిపించేవి జనరల్ మోటార్స్ దిమ్మ మీద కట్టిన మెర్‌క్రూయిజర్, వోల్వో పెంటా ఇంజన్లు. 4.3 లీటర్ల వీ-6, 5.0, 5.7 లీటర్ల వీ-8 లాంటివి. వీ ఆకారం కాబట్టి ఎడమొక వరుస, కుడొక వరుస సిలిండర్లు. ప్రతి వరుసకూ ఒక మేనిఫోల్డ్ ఉంటుంది. అది ఆ వరుసలోని సిలిండర్ల పొగను ఒకచోట చేర్చే బరువైన పోత ఇనుప పెట్టె, చుట్టూ నీటి అర. దాని మీద బోల్టులతో బిగించిన వంపు ముక్కే ఎల్బో. పొగ, నీరు కలిసేది ఈ ఎల్బో చివరనే. మేనిఫోల్డ్‌కూ ఎల్బోకూ మధ్య ఎత్తు చాలకపోతే ఒక దిమ్మ చేరుస్తారు, దాన్నే రైజర్ అనాలి. కానీ మెకానిక్‌లు ఎల్బోనే రైజర్ అని పిలుస్తారు. అంచనా కాగితంలో "రైజర్లు" అని ఉంటే ఏ ముక్కకు ధర వేశారో అడిగి తెలుసుకోవడం వల్ల తర్వాత గొడవలు తప్పుతాయి.

ఎత్తు ఎందుకంటే, కలిసిన నీరు వెనక్కి, అంటే సిలిండర్ వైపు, జారకూడదు. ఎల్బో శిఖరం బయటి నీటి మట్టం కన్నా బాగా పైన ఉండాలి. బోటు నిండా జనం, ఐస్ పెట్టెలు ఎక్కి వెనక భాగం కుంగినప్పుడు కూడా.

ఎల్బో తర్వాతవన్నీ రబ్బరు. రెండు వైపుల గొట్టాలు ఒక వై ఆకారపు పైపులో కలుస్తాయి. చాలా బోట్లలో ఈ దారిలో ఫ్లాపర్లనే రెక్కలుంటాయి. పొగ బయటికి పోతుంటే తెరుచుకుంటాయి, వెనక అల కొడితే మూసుకుంటాయి. ఆ తర్వాత వెనక గోడ దాటి, బెలోస్ అనే మడతల రబ్బరు గుండా డ్రైవ్ కాలిలోకి వెళ్లి, ప్రొపెల్లర్ నడిమి నుంచి పొగ నీటి అడుగున బయటపడుతుంది.

ఉప్పునీరు, మంచినీరు, మధ్యలో టెక్సోమా

నీటిని బయటి నుంచి తోడి నేరుగా ఇంజన్ దిమ్మలోనూ మేనిఫోల్డ్‌లలోనూ తిప్పేది రా వాటర్ పద్ధతి. రెండోది క్లోజ్డ్ పద్ధతి: కారు రేడియేటర్‌లో లాగా కూలెంట్ లోపలే తిరుగుతుంది, బయటి నీరు హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో దాన్ని చల్లబరచి వెళ్లిపోతుంది.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ప్రకటనలో "క్లోజ్డ్ కూలింగ్" అని చూసి, సముద్రంలో తిరిగినా ఎగ్జాస్ట్ భద్రమేనని ధీమా పడతారు. క్లోజ్డ్‌లో రెండు రకాలున్నాయి. సగం రకంలో కూలెంట్ ఇంజన్ దిమ్మకే పరిమితం, మేనిఫోల్డ్‌లలో తిరిగేది ఉప్పునీరే. పూర్తి రకంలో మేనిఫోల్డ్ కూడా కూలెంట్‌తోనే నిండి ఉంటుంది. కానీ ఆ రకంలోనూ ఎల్బోకు ఉప్పునీరు తప్పదు, ఎందుకంటే చివరికి పొగలో కలవాల్సింది బయటి నీరే. అంటే ఎంత మంచి కూలింగ్ ఉన్నా ఎల్బో అరిగే వస్తువే.

సముద్రంలో వాడిన పోత ఇనుప ఎల్బోలకు మెకానిక్‌లు చెప్పే ఆయుష్షు మూడు నుంచి ఆరేళ్లు. సరస్సులో వాడినవి పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు నడిచినవీ ఉన్నాయి. ఉప్పులోని క్లోరైడ్ ఇనుమును తొలుస్తుంది. తుప్పు పెచ్చులుగా లేచి సన్నని నీటి దారుల్లో ఇరుక్కుంటుంది. విచిత్రమేమిటంటే, రోజూ తిరిగే బోటు కన్నా నెలల తరబడి నిలబెట్టిన బోటుకే ఇది ఎక్కువ. ఆపేశాక నీరు కొంత దిగిపోయి, తడి గోడలకు ఉప్పుతో పాటు గాలి కూడా తగులుతుంది. తుప్పుకు కావలసింది అంతే. ఇంటికొచ్చాక మంచినీటితో కడిగితే ఆయుష్షు పెరుగుతుంది గానీ, మూలల్లో ఇరుక్కున్న ఉప్పంతా పోదు.

టెక్సాస్, ఓక్లహామా సరిహద్దులోని లేక్ టెక్సోమా మధ్యస్థంగా ఉంటుంది. రెడ్ రివర్ మోసుకొచ్చే సహజమైన ఉప్పు వల్ల దాని నీరు చుట్టుపక్కల సరస్సుల కన్నా కాస్త ఉప్పన. సముద్రం నుంచి నదుల్లోకి ఎగబాకే స్ట్రైప్డ్ బాస్ చేప అక్కడ స్థిరపడి పిల్లలు పెట్టడానికి పేరు. అయినా ఆ ఉప్పు సముద్రం పక్కన నిలిచేది కాదు. టెక్సోమా బోటును సముద్రపు బోటులా చూడనక్కర్లేదు గానీ, మంచినీటి ఆయుష్షు పూర్తిగా ఇస్తుందని లెక్కేసుకోవడమూ సరికాదు.

మంచినీటి బోటుకు అసలు శత్రువు వేరు: చలి. నీరు గడ్డకడితే పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. నీటి అరలో నీరు దించకుండా వదిలేస్తే పోత ఇనుము పగులుతుంది, ఆ పగులు లోపలి గోడకైతే బయటికి కనపడదు. ఉత్తరాది రాష్ట్రాల్లో ఏటా శీతాకాలం ముందు నీరు దించి యాంటీఫ్రీజ్ పోయడం అలవాటు. దక్షిణాన అంత పట్టించుకోరు. అందుకే టెక్సాస్ బోటు కొనేటప్పుడు, 2021 ఫిబ్రవరిలో రాష్ట్రమంతా రోజుల తరబడి గడ్డకట్టినప్పుడు ఈ బోటు ఎక్కడుంది, నీరు దించారా అన్న ప్రశ్నకు వచ్చే జవాబు ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటర్ అంకె కన్నా విలువైనది.

తడి కీలు, పొడి కీలు

మేనిఫోల్డ్, ఎల్బో కలిసే చోటు రెండు రకాలు. పాత పద్ధతిలో పొగ దారి, నీటి దారి ఒకే గాస్కెట్ (కీలు కారకుండా మధ్యలో వేసే పలుచని పలక) మీద పక్కపక్కనే ఉంటాయి. వాటిని విడదీసేది వేలెడు వెడల్పు కూడా లేని ఇనుప అంచు. దాన్ని తుప్పు తినేస్తే నీరు సరాసరి పొగ దారిలోకి, అక్కడి నుంచి సిలిండర్‌లోకి. ఇది తడి కీలు.

2000ల మొదటి సంవత్సరాల్లో మెర్‌క్రూయిజర్ పొడి కీలుకు మారింది. అందులో పొగ దారి నడుమ విడిగా ఉంటుంది, నీటి దారులు దూరంగా ఉంటాయి, మధ్యలో బయటి గాలికి తెరిచిన సందు ఉంటుంది. గాస్కెట్ కారినా నీరు బయటికే వస్తుంది, ఇంజన్ గదిలో కనపడుతుంది. ఇది చాలా పెద్ద మెరుగుదల. కానీ "పొడి కీలు కాబట్టి ఎప్పటికీ మార్చనక్కర్లేదు" అనే మాట అతి. కీలు దగ్గర ప్రమాదం తగ్గింది, అంతే. ఎల్బో లోపలి గోడ, నీరు కలిసే కొస, ఇవి అరగడం మానలేదు.

ఇంజన్‌ను చంపడానికి ఎంత నీరు చాలు

నీరు సిలిండర్‌లోకి వస్తే ఏమవుతుందో 5.7 లీటర్ల వీ-8 మీద లెక్క వేయవచ్చు. ఎనిమిది సిలిండర్లు కాబట్టి ఒక్కోదానిలో పిస్టన్ ఊడ్చే ఖాళీ సుమారు 712 మిల్లీలీటర్లు. కంప్రెషన్ నిష్పత్తి 9.4, అంటే పిస్టన్ కిందున్నప్పటి మొత్తం చోటు, పైకొచ్చాక మిగిలే చోటుకు 9.4 రెట్లు. అందులో పిస్టన్ ఊడ్చేది 8.4 రెట్లు కాబట్టి మిగిలే చోటు 712ను 8.4తో భాగిస్తే వచ్చేంత: దాదాపు 85 మిల్లీలీటర్లు.

నీరు నొక్కితే నలగదు. ఆ సిలిండర్‌లో ఒక చిన్న టీ గ్లాసుడు నీరు చేరి, వాల్వులు మూసుకున్నాక పిస్టన్ పైకి లేస్తే, దానికి చోటు లేదు. స్టార్టర్ మోటారు దగ్గర ఆగిపోతే అదృష్టం. మిగతా సిలిండర్లు అంటుకుని బలంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు.

అంతకన్నా తక్కువ నీరైతే ఇంజన్ ఆ రోజు బతుకుతుంది. కానీ ఇంజన్ ఆగినప్పుడు ఏదో ఒక సిలిండర్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ తెరిచే ఉంటుంది. అందులోకి చుక్కచుక్కగా చేరిన నీరు వారం రోజులు వాల్వ్ సీటునూ సిలిండర్ గోడనూ తుప్పు పట్టిస్తుంది. వచ్చే శనివారం స్టార్ట్ చేస్తే ఒక సిలిండర్ తడబడుతుంది. స్పార్క్ ప్లగ్ పాతబడిందేమో అనుకుంటారు.

గేజ్ ఎందుకు నోరు విప్పదు

డ్యాష్‌బోర్డ్ మీది ఉష్ణోగ్రత గేజ్ చదివేది ఇంజన్ దిమ్మ నుంచి వచ్చే నీటిని. ఎల్బో దాని తర్వాత ఉంది. ఎల్బోలో సగం దారులు పూడుకున్నా గేజ్ మామూలుగానే చూపవచ్చు. లోపలికి కారే రకం జబ్బుకైతే వేడే ఉండదు. ఇంజన్ బాగా నడుస్తోందన్న అమ్మకందారు మాట అబద్ధం కాకపోయినా, మన ప్రశ్నకు అది జవాబు కాదు.

బయటి ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. ఎల్బో కీలు చుట్టూ కారిన తుప్పు చారలు. ఒక పక్క పెయింటు మాడి ఊడటం. నడుస్తున్నప్పుడు ఎల్బో మీద చెయ్యి ఆనించలేనంత వేడి, లేదా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే ఎడమకూ కుడికీ పెద్ద తేడా. వెనక పొగలో ఆవిరి. ప్లగ్గులు తీస్తే ఒకదాని మీద తుప్పు లేదా తడి. ఇంజన్ ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లబడితే అప్పటికే ఆలస్యమైంది.

పరీక్షల్లో నమ్మదగ్గవి మూడు. సిలిండర్‌లో ఒత్తిడి నిలుస్తుందో లేదో చూసే కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు సిలిండర్లకు ఇప్పటికే దెబ్బ తగిలిందా అని చెబుతాయి. మేనిఫోల్డ్ నీటి అర మూసి గాలి నింపి, ఒత్తిడి పడిపోతుందేమో చూసేది రెండోది. అది ఇవాళ్టికి చిల్లి లేదని చెబుతుంది, గోడ ఎంత మందం మిగిలిందో చెప్పదు. మూడోది ఎల్బోలు విప్పి లోపల చూడటం. పెచ్చులు, అంచు అరుగుదల, పొగ దారిలో ఎర్రని నీటి చార కళ్లకు కనపడతాయి. నా దృష్టిలో మంచినీటి బోటుకు అన్నిటికన్నా గిట్టుబాటయ్యే ఖర్చు ఇదే. కొత్త గాస్కెట్లు, కొన్ని గంటల కూలీ.

గడువు ప్రకారమా, చూసి నిర్ణయించడమా

ఒక వర్గం మెకానిక్‌లు సముద్రపు బోటుకు ఐదేళ్లయితే చూడకుండానే మార్చేయమంటారు. విప్పే కూలీ ఎలాగూ పడుతుంది, విప్పాక పాతదాన్నే మళ్లీ బిగించడం దండగ అన్నది వాళ్ల వాదన. మరో వర్గం పాడుకాని ఇనుమును పారేయడం బోటు షాపుల లాభానికే అంటుంది. రెండు వాదనల్లోనూ పస ఉంది. లెక్క వేస్తే ఏది ఎప్పుడు నిలుస్తుందో తెలుస్తుంది.

కింది అంకెలు లెక్క కోసం అనుకున్నవి. మీ ఊరి ధరలు వేరుగా ఉంటాయి. రెండు మేనిఫోల్డ్‌లు, రెండు ఎల్బోలకు 1,300 డాలర్లు. గొట్టాలు, క్లాంపులు, గాస్కెట్లకు 200. గంటకు 150 చొప్పున ఆరు గంటల కూలీ 900. మొత్తం 2,400. ఇంజన్ పోతే దాన్ని మార్చడానికి 9,600 అనుకుందాం.

సముద్రపు బోటుకు ఈ 2,400 ఐదేళ్లు వస్తాయి, అంటే ఏడాదికి 480. మార్చడం ఒక ఏడాది వాయిదా వేస్తే మిగిలేది ఆ 480 మాత్రమే. 9,600లో 480 అంటే 5 శాతం. వచ్చే ఏడాది ఇంజన్ పోయే అవకాశం వందలో ఐదు కన్నా ఎక్కువ అనిపిస్తే వాయిదా నష్టం. ఉప్పునీటిలో ఐదేళ్లు దాటి, వయసు కూడా సరిగ్గా తెలియని ఎల్బోల మీద ఆ పందెం నేనైతే కాయను.

మంచినీటి బోటుకు అదే ఖర్చు పదిహేనేళ్లు వస్తే ఏడాదికి 160, అంటే దాదాపు 1.7 శాతం. వాయిదా నష్టంగా మారే ఈ గీత ఇంకా కిందుంది కాబట్టి ముందే మార్చేయాలని అనిపించవచ్చు. కానీ విప్పి చూసే వీలుంది, మంచినీటి తుప్పు నెమ్మది. చూసి బాగుందనుకున్న ఎల్బో ఏడాది లోపు మోసం చేసే అవకాశం ఆ గీతకు కూడా దిగువే ఉంటుంది. సరస్సు బోటు విషయంలో "చూసి నిర్ణయించడం" గెలిచేది అందుకే.

ఇదే లెక్కను అమ్మేవాడి వైపు నుంచి చూడండి. రెండేళ్లలో బోటు అమ్మేద్దామనుకునే వాడికి 2,400 రెండేళ్ల కోసం పెట్టిన ఖర్చు. ఏడాదికి 1,200, అంటే 12.5 శాతం. కొత్త ఎగ్జాస్ట్ వేశానని చెప్పినంత మాత్రాన అమ్మకపు ధర అంతకు అంత పెరగదు. కాబట్టి అతను మార్చడు. మోసబుద్ధి అక్కర్లేదు, అంకెలు చాలు. సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కు వచ్చే బోట్ల ఎగ్జాస్ట్ తరచుగా ఆయుష్షు చివర్లోనే ఉండటానికి కారణం ఇది.

ఒక పక్కే పాడైతే రెండో పక్క ఎందుకు అనే వాళ్లూ ఉన్నారు. రెండూ ఒకే నీరు, ఒకే వయసు. దెబ్బ తగిలి లేదా గడ్డకట్టి పగిలింది ఒక్కటే అయితే దాన్నే మార్చడంలో అర్థముంది. తుప్పు అయితే రెండోది వెనకే వస్తుంది, కూలీ రెండోసారి పడుతుంది.

కూలీ అంచనాలో మెకానిక్ తడబడితే అతని నైపుణ్యాన్ని అనుమానించనక్కర్లేదు. ఉప్పుకు పట్టేసిన పాత బోల్టు సిలిండర్ హెడ్‌లోనే విరిగితే దాన్ని తవ్వి తీయడానికి సగం రోజు పోవచ్చు. ఎన్ని విరుగుతాయో విప్పే ముందు ఎవరూ చెప్పలేరు.

కంపెనీ సరుకు, బయటి సరుకు, స్టెయిన్‌లెస్

ఇంజన్ కంపెనీ సొంత భాగాలు ఖరీదు. బార్, సియెర్రా, జీఎల్‌ఎం లాంటి బయటి తయారీదారుల పోత ఇనుప భాగాలు తక్కువకు దొరుకుతాయి, వాటితో ఏళ్లు నడిపేవాళ్లు బోలెడు మంది. కంపెనీ పక్షం వాళ్లు పోత నాణ్యత, అమరిక ఖచ్చితం అంటారు. బయటి పక్షం వాళ్లు ఎలాగూ ఐదేళ్లలో తుప్పు తినేదానికి రెట్టింపు ఎందుకంటారు. సముద్రపు బోటుకు రెండో వాదన బలంగా ఉంది. స్టెయిన్‌లెస్ ఎల్బో ఖరీదైనా ఎక్కువ కాలం వస్తుంది, బోటు ఎక్కువ ఏళ్లు ఉంచుకునే వాళ్లకు పనికొస్తుంది. అయితే వేడి ఉప్పునీరు నిలిచే చోట, వెల్డింగు అతుకుల దగ్గర స్టెయిన్‌లెస్ కూడా గుంటలు పడుతుంది. కొన్ని ఇంజన్లకు అల్యూమినియం మేనిఫోల్డ్‌లూ వస్తాయి. తేలిక, కానీ ఉప్పునీటిలో పక్కనున్న ఇనుముతో విద్యుత్ రసాయన చర్య జరిగి అల్యూమినియమే ముందు కరుగుతుంది.

ధర కన్నా పెద్ద చిక్కు గాస్కెట్‌లో ఉంది. చూడటానికి ఒకేలా ఉండే గాస్కెట్లలో కొన్నిటికి నీటి రంధ్రాలు పూర్తిగా తెరిచి ఉంటాయి, కొన్నిటికి చిన్నవి, కొన్నిటికి మూసి ఉంటాయి. రా వాటర్, సగం క్లోజ్డ్, పూర్తి క్లోజ్డ్ పద్ధతులకు వేర్వేరు. తప్పుది పడితే కొత్త ఎల్బో నీరందక కాలిపోతుంది, లేదా కూలెంట్, బయటి నీరు కలిసిపోతాయి. ఇంజన్ సీరియల్ నంబర్‌ను బట్టి భాగాలు తెప్పించడం ఇందుకే.

ఇక 2010 తర్వాతి బోట్లది వేరే కథ. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ నిబంధనల ప్రకారం ఆ ఏడాది నుంచి వచ్చిన మామూలు స్టెర్న్‌డ్రైవ్, ఇన్‌బోర్డ్ పెట్రోలు ఇంజన్లు కిలోవాట్ గంటకు 5 గ్రాముల హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిపి, 75 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్ మించకూడదు. దాంతో ఎగ్జాస్ట్‌లోకి పొగలోని కాలుష్యాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్లు, ఆక్సిజన్ సెన్సర్లు వచ్చాయి. గాలికి మేలు, జేబుకు భారం. భాగాలు చాలా ఖరీదు, బయటి తయారీ తక్కువ. నీరు వెనక్కి వస్తే క్యాటలిస్ట్ కూడా పాడవుతుంది. దాన్ని పీకేసి పాత రకం బిగించడం చౌక అని సలహా ఇచ్చేవాళ్లుంటారు, కానీ కాలుష్య నియంత్రణ పరికరాన్ని తొలగించడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం.

రబ్బరు భాగాలు, కనపడని వాయువు

రబ్బరు ఎందుకు కాలుతుందో వెతికితే తరచుగా దొరికేది ఇంపెల్లర్. బయటి నీటిని తోడే పంపులోని రబ్బరు చక్రం అది. దాని రెక్కలు విరిగితే నీరు ఆగుతుంది, చల్లబడని పొగ గొట్టాలనూ ఫ్లాపర్లనూ మాడుస్తుంది. కరిగిన ఫ్లాపర్ ముక్క దారికి అడ్డం పడితే ఇంజన్‌కు బలం తగ్గుతుంది. ఆ గొట్టాలకు ఎస్ఏఈ జే2006 అనే ప్రమాణం ఉంది. నీరు పూర్తిగా ఆగినా రెండు నిమిషాలు తట్టుకోవాలని దాని షరతు. మామూలు రేడియేటర్ గొట్టం చూడటానికి అలాగే ఉన్నా ఈ పనికి రాదు. బెలోస్ విషయంలో ఒక తేడా గమనించాలి. డ్రైవ్ షాఫ్ట్ కీళ్ల మీది బెలోస్ చిరిగితే బోటులోకి నీరు వస్తుంది. ఎగ్జాస్ట్ బెలోస్ చిరిగితే సాధారణంగా మోత పెరుగుతుందే గానీ పడవ మునగదు.

గొట్టం చీలితే బోటు నడవడం ఆగదు, పొగ మాత్రం ఇంజన్ గదిలోకి, క్యాబిన్‌లోకి చేరుతుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. ఎండదెబ్బో, పడవ కుదుపుకు కడుపులో తిప్పిందో అనుకుంటారు. బిగుతైన ఎగ్జాస్ట్ ఉన్నా వెనక ప్రమాదం ఉంటుంది. 2000లో లేక్ పావెల్‌లో ఒక హౌస్‌బోట్ వెనక ఇద్దరు అన్నదమ్ములు చనిపోయాక ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ అక్కడ పరిశోధన చేసి, వెనక మెట్టు కింద ఈ వాయువు ప్రాణాంతకమైన స్థాయిలో పేరుకుంటోందని తేల్చింది. నడుస్తున్న బోటు వెనక మెట్టు పట్టుకుని వేలాడే ఆటను కాలిఫోర్నియా 2004లో చట్టం చేసి నిషేధించింది.

రెండు బోట్లు పక్కపక్కన

ఒకటి 2006 నాటిది, 5.7 లీటర్లు, రా వాటర్, పొడి కీలు, పుట్టినప్పటి నుంచీ జార్జియాలోని లేక్ లానియర్‌లో. ఎగ్జాస్ట్ ఎప్పుడూ మార్చలేదు. రెండోది 2020 నాటిది, సగం క్లోజ్డ్ కూలింగ్, క్యాటలిస్ట్‌తో, టాంపా బేలో రేవులోనే నీటిలో కట్టి ఉంచినది. ధరలో తేడా చాలా ఉంటుంది, కొనేవాడి కన్ను సహజంగా రెండోదాని మీద పడుతుంది.

మొదటిదాని ఎల్బోలు విప్పి, ఏటా శీతాకాలం ముందు నీరు దించారన్న రసీదులు చూసి, లోపల పెచ్చులు లేకపోతే అదే ఎగ్జాస్ట్‌తో నడపడం సమంజసమే. ఎప్పటికైనా మార్చాల్సి వచ్చినా పాత రకం భాగాలు సులువుగా, చౌకగా దొరుకుతాయి. రెండోదాని మేనిఫోల్డ్‌లలో ఇన్నేళ్లూ ఉప్పునీరే తిరిగింది. మార్చిన రసీదు లేకపోతే దాని ఎగ్జాస్ట్ ఆయుష్షు అయిపోయినట్టే లెక్కేయాలి. ఆ లెక్కలో పాత రకం 1,300 డాలర్ల భాగాలు చెల్లవు, క్యాటలిస్ట్ ఉన్న భాగాల ధరే వేయాలి. బేరం మొదలవ్వాల్సింది ఆ మొత్తాన్ని అడిగిన ధరలోంచి తీసేశాక.